కుదరదట

జనవరి 11

ఇరవై తొమ్మిదో సూది. ఈసారి ఎడమ తొడకు. "అలవాటైపోయిందిగా" అంది నర్సు. అయింది. మొదటి సూదికి అక్క తోడొచ్చింది. నా చెయ్యి పట్టుకుని, సూది నాకు గుచ్చుతుంటే కళ్ళు తను మూసుకుంది.

గడ్డం కింద పదకొండు వెంట్రుకలు. లెక్కపెట్టడం మానెయ్యాలి.

నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో పెద్దాయన మళ్ళీ మొదలుపెట్టాడు. "ఏమయ్యా, ఆ జలుబు ఇంకా తగ్గలేదా?" ఆయనకు తెలియనిది ఏమీ లేదు. పోయిన ఏడాది పేరు మారిన నా కాగితాలు చూపించిన రోజునే, ఒక్క పూటలో, "ఏమ్మా" మానేసి "ఏమయ్యా"కు మారిపోయాడు. అయినా నా గొంతును జలుబు ఖాతాలో వెయ్యడం ఆయనకు సరదా. "పద్నాలుగు నెలల జలుబండీ" అన్నాను. "ఆవిరి పట్టు" అన్నాడు.

కడుపులో ఆ పోట్లు తగ్గడం లేదు. గర్భసంచి తీసెయ్యడమే మేలని డాక్టరమ్మ ఏప్రిల్‌లో రమ్మంది. ఛాతీ ఆపరేషన్ అయినప్పుడు భయపడినంత ఈసారి భయం లేదు. పీడ వదులుతుంది.

జనవరి 19

అక్కా బావా వచ్చారు. ఉదయం బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయారు. ఇంత దూరం ఒక్క పూట కోసం ఎందుకు వస్తున్నారో నాకు అర్థం కాలేదు. పైగా లాండ్రీ మూసుకుని.

అక్క వచ్చీ రాగానే అలవాటు ప్రకారం నా షర్టులన్నీ మంచం మీద కుప్ప పోసి ఇస్త్రీ మొదలుపెట్టింది. బావ మందుల షాపుకని చెప్పి బయటికి వెళ్ళాడు. మందుల షాపు వీధి చివరే. ఆయన గంటంబావు రాలేదు. అప్పుడే అనుమానించాల్సింది.

"నీతో ఒకటి చెప్పాలిరా" అంది, కాలరు మీద నీళ్ళు చిలకరిస్తూ.

పరీక్షల రిపోర్టు వచ్చిందట. తన అండాలు అయిపోయాయట. నలభై ఒక్క ఏటికే. గర్భసంచి మాత్రం బాగుందట, ఎవరైనా అండాలిస్తే తనే మోయగలదని చెప్పారట.

ఎక్కడికి వస్తోందో తెలిసింది. తెలిసినా తెలియనట్టు మడిచిన షర్టునే మళ్ళీ మడిచాను.

"ఎవరివో అంటే బావకు మనసొప్పట్లేదు. నాకు మాత్రం ఒప్పుతుందా? అమ్మ పోలిక నీలోనే ఉంది, నాలో లేదు." ఇస్త్రీ పెట్టె నిలబెట్టి నావైపు చూసింది. "ఏప్రిల్‌లో ఎలాగూ తీయించేస్తున్నావు. నీకు అక్కర్లేనివే కదరా. పారేసేవే కదా."

కోపం రాలేదు. వస్తే బాగుండేది.

అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, అక్కకు పదిహేడు. నాన్న అప్పటికే లేడు. పరాయి లాండ్రీలో ఆవిరికి చేతులు బొబ్బలెక్కించుకుని నన్ను చదివించింది. నేను ఒక దారిలో పడేదాకా పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. ముప్పై నాలుగేళ్ళకు చేసుకుంది. నేను ఆడపిల్లను కానని చెప్పిన రోజు కూడా ఊళ్ళో అక్కల్లాగా గుండెలు బాదుకోలేదు. "అయితే నీ షర్టుల బొత్తాలన్నీ ఇటువైపుకు మార్చి కుట్టాలన్నమాట" అంది. మర్నాటికల్లా "ఏమే" పోయి "ఏరా" వచ్చింది. ఎప్పుడూ తడబడలేదు.

ఆ మనిషి అడిగింది.

"డాక్టర్ని కనుక్కుంటా అక్కా" అన్నాను.

"కనుక్కో. నీకు కష్టమైతే వద్దు" అంది. వెంటనే, "కష్టం ఏముంటుందిలే" అని తనే అంది.

జనవరి 20

కనుక్కోవాలి.

జనవరి 24

షాపులో రద్దీ. ఇంకా కనుక్కోలేదు.

ఫిబ్రవరి 2

డాక్టరమ్మను అడిగాను. కుదరదంటుందని చాలా నమ్మకంతో వెళ్ళాను. అడిగేటప్పుడు నవ్వుతూనే అడిగాను.

కుదురుతుంది.

ఈ టెస్టోస్టెరాన్ సూది మూడు నెలలు ఆపాలి. నెలసరి మళ్ళీ వచ్చేదాకా చూడాలి. తర్వాత పదీ పన్నెండు రోజులు వేరే సూదులు, ఆడవాళ్ళ హార్మోన్లవి. రోజు విడిచి రోజు లోపలి నుంచి స్కాను. ఆఖర్న మత్తిచ్చి అండాలు తీస్తారు. ఏప్రిల్ ఆపరేషన్ ఆగస్టుకో సెప్టెంబరుకో పోతుంది.

"చెయ్యగలరు. చెయ్యాలని మాత్రం నేననను" అంది. "మీ ఒళ్ళు మీది. మీ మాటే ఆఖరిది. వద్దనుకుంటే మీ అక్కగారికి నేను చెప్పమన్నా చెబుతాను."

"వద్దండీ, నేనే చెప్పుకుంటాను" అన్నాను.

నెలసరి మళ్ళీ వచ్చేదాకా. ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. ఇంటికొచ్చి స్నానాల గదిలో చాలాసేపు కూర్చున్నాను. పన్నెండేళ్ళప్పటి నుంచి ముప్పై ఒకటి దాకా, ప్రతి నెలా నాలుగు రోజులు నన్ను ఎవరో నాలోంచి బయటికి గెంటేసినట్టుండేది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కమంటే, మూడు నెలలే అయినా, అక్క కోసమే అయినా, నావల్ల కాదు.

నావల్ల కాదు. ఇక్కడ రాయడానికి బాగానే వస్తోంది.

ఫిబ్రవరి 3

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. నేను వెనక గదిలో అద్దం అరగదీస్తున్నాను. మిషను ఆపాను.

"కనుక్కున్నావట్రా?"

"కనుక్కున్నానక్కా. కుదరదట."

ఎంత తేలిగ్గా వచ్చేసిందో. కుదరదు అనలేదు, కుదరదట అన్నాను. ఆ ఒక్క 'ట' వెనక డాక్టరమ్మను నిలబెట్టి నేను తప్పుకున్నాను. అక్కడితో ఆగినా సరిపోయేది. అవతల చప్పుడు లేకపోయేసరికి కంగారుపడి, "ఏడాది పైన సూదులు పడ్డాయి కదా, పాడైపోయాయట" అని కూడా అన్నాను.

లాండ్రీలో ఆవిరి బుస వినిపిస్తూనే ఉంది.

తర్వాత, "పోనీలే" అంది. "నీ ఒంట్లో ఇంకేం పాడవలేదు కదా? ఆ సంగతి అడిగావా?"

"అడిగాను. ఏం లేదట."

"హమ్మయ్య. అది చాలు."

ఫిబ్రవరి 4

అక్క తేలిగ్గానే తీసుకుంది.

అయినా అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. మూడు నెలలు ఆపినా సరిగ్గా వస్తాయని ఎవరు రాసిచ్చారు? వచ్చినా నిలుస్తాయని ఏముంది? ఆశపెట్టి చివర్లో చేతులెత్తేసేకంటే ముందే తెంచెయ్యడం మంచిది. అక్క మనసు కష్టపెట్టకూడదనే చేశాను.

ఫిబ్రవరి 5

అక్క మనసు కష్టపెట్టకూడదనే.

మార్చి 1

బావ ఫోన్. బావ మామూలుగా ఫోన్ చెయ్యడు. ఫ్రిజ్జులు బాగుచేసే మనిషి, ఫ్రిజ్జు మాట్లాడినంతే మాట్లాడతాడు.

"మీ అక్క మనిషి మనిషిలా లేదురా. నిన్న ఎవరిదో కోటు కాల్చేసింది. పాతికేళ్ళలో ఎప్పుడైనా కాల్చిందా?"

"పని ఎక్కువైందేమో బావా."

"పని ఎప్పుడు తక్కువైందని? నువ్వో మాటు వచ్చి మాట్లాడు. నీ దగ్గరైతే తెరుచుకుంటుంది."

వస్తానన్నాను. ఏప్రిల్‌లో సెలవు పెట్టాలి కనుక ఇప్పుడు పెట్టడం కుదరదు.

ఇవాళ రెండు అద్దాలు పాడుచేశాను. ఒకటి, ఎడమదాన్ని కుడిదాని కొలతకు అరగదీశాను. పెద్దాయన తిట్టలేదు. అద్దాన్ని వెలుగుకు పట్టి చూసి, "దీనికి తగ్గ ముఖం ఎక్కడో ఉండే ఉంటుందిలే" అన్నాడు.

మార్చి 9

ఆపరేషన్ కాగితాలు.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీయించుకోవాలా, ఉంచుకోవాలా అన్నది నా ఇష్టమట. డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. మీకు వాటివల్ల ఏ ఇబ్బందీ లేదు, ఒకటైనా ఉంచుకోవచ్చు, ఎముకలకు మంచిది. రెండూ తీసేస్తే ఈ సూది జీవితంలో ఎప్పుడూ మానే వీలుండదు. "ఇంకోటి. ఉంటే, రేపెప్పుడైనా మనసు మారితే దారి ఉంటుంది. మీకోసమైనా, మీ అక్కగారి కోసమైనా."

తర్వాత, "అన్నట్టు మీ అక్కగారి విషయం ఏమైంది?" అంది.

"వాళ్ళే వద్దనుకున్నారండీ" అన్నాను.

అక్కకు డాక్టరమ్మ పేరు చెప్పాను. డాక్టరమ్మకు అక్క పేరు చెప్పాను. మధ్యలో నేను శుభ్రంగా ఉన్నాను.

"రెండూ తీసెయ్యండి" అన్నాను. ఆలోచించుకోమని వారం గడువిచ్చింది. అక్కర్లేదని అక్కడే సంతకం పెట్టేశాను. సంతకం పెట్టాక, బరువు దిగినట్టే అనిపించింది.

మార్చి 10

ఒకేసారి అయిపోతే మంచిదే. ఎవరో ఒకరికి ఎప్పుడో కాన్సరు వచ్చిందంటారు. రెండోసారి కోయించుకోవడం ఎందుకు? సరైన నిర్ణయమే.

ఏప్రిల్ 14

అక్క వచ్చింది. లాండ్రీకి పది రోజులు తాళం వేసి వచ్చింది. చిక్కింది. "నువ్వే చిక్కావు" అని నన్నంది. నా చెప్పులు, తువ్వాళ్ళు, వదులు పైజామాలు అన్నీ సర్ది సంచికి జిప్పు లాగింది. కొత్త పైజామాలు. నడుము దగ్గర బిగువు లేకుండా తనే కుట్టుకొచ్చింది, కుట్లకు ఒరుసుకోకూడదని.

రేపు ఉదయం ఏడింటికి.

ఇవాళ చెప్పాలనుకున్నాను. ఆపరేషన్ ముందు ఆమెను కదిలించడం ఎందుకని ఊరుకున్నాను.

ఏప్రిల్ 16

అయిపోయింది. నొప్పి. రాయలేను.

ఏప్రిల్ 17

అక్క తడిగుడ్డతో నా ముఖం తుడిచింది. పక్క మంచం ముసలాయన "మీ అన్నదమ్ములు..." అని మొదలుపెట్టి, అక్కను చూసి, "అక్కాతమ్ముళ్ళు అదృష్టవంతులమ్మా" అని సర్దుకున్నాడు. ముగ్గురం నవ్వాం. నవ్వితే కుట్లు లాగాయి.

ఏప్రిల్ 18

ఇది మొత్తం రాయాలి.

పదింటికి డాక్టరమ్మ వచ్చింది. కుట్లు చూసింది, బాగున్నాయంది. అక్క కుర్చీలోంచి లేచి నిలబడింది. డాక్టరమ్మ వెళ్ళబోతూ ఆగి, అక్క చెయ్యి పట్టుకుంది.

"అక్కగారు మీరేనా? మిమ్మల్ని మెచ్చుకోవాలి. అండాల విషయంలో మీ అంతట మీరే వద్దనుకున్నారట. వేరొకరైతే పట్టుబట్టేవారు. పాపం ఇతనికి మూడు నెలలు మందు ఆపడమంటే నరకం. కుదిరే పనే అయినా మనిషి కష్టం చూసి వెనక్కి తగ్గారు."

నేను పైకప్పు వైపు చూశాను. అక్కడ ఫ్యాను తిరుగుతోంది. అక్క ముఖం వైపు చూడలేకపోయాను.

ఎంతసేపో కాలేదు. ఊపిరి పీల్చి వదిలినంత.

"అవునండీ" అంది అక్క. "మేమే వద్దనుకున్నాం."

డాక్టరమ్మ ఆమె భుజం తట్టి వెళ్ళిపోయింది.

అక్క కూర్చుంది. బత్తాయి సగం ఒలిచి ఉంది. మిగతా సగం ఒలిచింది. తొనల్లోంచి గింజలు తీసింది. పళ్ళెం నా చేతికి అందేంత దూరంలో పెట్టి, సీసాలో నీళ్ళు పట్టుకురావడానికి బయటికి వెళ్ళింది. సీసా నిండుగానే ఉంది.

ఏప్రిల్ 20

ఇంటికి తీసుకొచ్చారు. మెట్లు ఎక్కేటప్పుడు అక్క నడుము చుట్టూ చెయ్యి వేసింది. "నెమ్మది" అంది. వేరే ఏమీ అనలేదు.

ఇవాళ చెబుతాను.

ఏప్రిల్ 21

చెప్పలేదు. వేళకు మందులిస్తోంది. నన్ను ఏ పేరుతోనూ పిలవడం లేదు. "లే", "తిను", "ఇటు తిరుగు".

ఏప్రిల్ 22

ఇవాళ చెబుతాను.

ఏప్రిల్ 23

షాపు నుంచి పెద్దాయన చూడ్డానికి వచ్చాడు. అక్క కళ్ళజోడు వంకరగా ఉందని జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి అక్కడికక్కడే సరిచేశాడు. "మీ తమ్ముడు ఈ పనిలోనే ఉన్నా ఇలాంటివి పెట్టుకుంటారా?" అన్నాడు. "మా వాడికి తీరికేదండీ" అంది అక్క. నవ్వుతూనే అంది. ఆయన ఉన్నంతసేపూ ఇల్లు ఇల్లులాగా ఉంది.

ఏప్రిల్ 24

అక్క వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర సంచి భుజానికి వేసుకున్నాక అన్నాను.

"అక్కా, ఆ రోజు నేను..."

"వద్దంటే సరిపోయేదిరా." వారం తర్వాత మొదటి 'రా'. "ఒక్క మాట. నావల్ల కాదక్కా అంటే సరిపోయేది. ఏడ్చేదాన్ని. ఏడిస్తే ఏమవుతుంది? నీ ముందు ఏడవడం నాకు కొత్తా?"

"నువ్వు నాకోసం అంత చేశావు. ఎలా వద్దనను?"

"అందుకని పాడైపోయాయని చెప్పావు." గొంతు పెంచలేదు. "నీ మొదటి సూదికి చెయ్యి పట్టుకుంది నేను. కాగితం మీద సాక్షి సంతకం పెట్టింది నేను. రెండు నెలలుగా ఒకటే నరకం. నా చేతుల్తో నిన్ను పాడుచేశానే అని. నీకు నచ్చినట్టు బతకనిస్తున్నాననుకుని, పిల్లాడి ఒళ్ళు గుల్ల చేశానే అని. పిల్లలు లేరన్న దిగులు కాదురా నాది. అది నీకెలా తోచలేదు?"

తోచలేదు. రెండు నెలల్లో ఒక్కసారి కూడా తోచలేదు. ఆమె దిగులు ఏమై ఉంటుందో నేనే అనుకుని, దానికి నేనే మందు వేసి, నయమైందని కూడా నేనే రాసుకున్నాను. పైన ఉంది, ఫిబ్రవరి 4న.

"క్షమించక్కా" అన్నాను.

"బరువులు ఎత్తకు. ఆరు వారాలు" అంది. మెట్లు దిగింది.

మే 19

కడుపు మీద నాలుగు చిన్న మచ్చలు. పోట్లు లేవు. అద్దంలో మనిషి నేనే. ఈ ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నానా అని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. అనిపించి ఉంటే ఒక విధంగా సులువయ్యేది, బాధంతా దానిమీద వేసేవాణ్ణి.

గర్భసంచి గురించి కాదు. రెండు అండాశయాలూ తీసెయ్యమని పెట్టిన ఆ సంతకం.

అక్క వారానికోసారి ఫోన్ చేస్తోంది. కుట్లు, జ్వరం, తిండి. మూడు నిమిషాలు.

జూన్ 15

అక్క ఊరు వెళ్ళొచ్చాను. ఇంకొకటి చెప్పాలని వెళ్ళాను, అది కూడా దాస్తే ఈ అబద్ధానికి అంతుండదు.

లాండ్రీ తలుపు తీసి ఉంది. అక్క ఒక పెళ్ళికూతురి తెల్ల గౌను మీద మరక తీస్తోంది. మరకను ఎప్పుడూ అంచు నుంచి మధ్యకు రుద్దాలి, మధ్య నుంచి రుద్దితే పాకుతుందని నా చిన్నప్పుడు చెప్పేది. నన్ను చూసి స్టూలు జరిపింది. కూర్చోలేదు నేను.

"డాక్టరమ్మ అండాశయాలు ఉంచుకోవచ్చంది అక్కా. రెండుసార్లు చెప్పింది. సూది మూడు నెలలు అప్పుడే ఆపక్కర్లేకుండా, ఎప్పుడో నాకు ధైర్యం వచ్చినప్పుడు చూసుకునే వీలుండేది. నేనే తీయించేశాను. కాన్సరూ అదీ ఏం కాదు. నువ్వు మళ్ళీ అడుగుతావేమోనని."

అక్క చేతిలో బట్ట ఆగింది. నావైపు చూసింది. కోపం వస్తుందనుకున్నాను. దానికి సిద్ధపడే వచ్చాను, తిట్లు తిని తేలికపడదామని. ఇప్పుడు రాస్తుంటే అర్థమవుతోంది, దానికోసమే వెళ్ళాను.

"నేను మళ్ళీ అడిగేదాన్ని కాదురా" అంది.

అంతే. తర్వాత ఎవరో కోటు కోసం వచ్చారు. చీటీ చూసి, కోటు వెతికి, మడిచి, కాగితం చుట్టి ఇచ్చింది. మళ్ళీ గౌను దగ్గరికి వెళ్ళి వంగింది. వీపు ఒక్కటే కనిపిస్తోంది నాకు. నేను గోడ పక్కన నిలబడే ఉన్నాను. ఇరవై నాలుగేళ్ళుగా ఈ మనిషి నన్ను అడిగింది ఒకే ఒక్కసారి. 'కష్టమైతే వద్దు' అని కూడా అంది. నేను ఆ ఒక్కసారికి భయపడి తలుపుకు లోపల గడియ వేసి, బయట తాళం వేసి, తాళంచెవి నూతిలో పారేశాను.

బావ నన్ను బస్సు దాకా దిగబెట్టాడు. "టైము పడుతుంది" అన్నాడు. కాసేపటికి, "దానికి నీమీద కోపం లేదు. ఉంటే నయం, నేను సర్దిచెప్పేవాణ్ణి" అన్నాడు. బావ ఇంత మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

జూలై 30

ఏమీ లేదు రాయడానికి.

సెప్టెంబరు 6

బావ చెప్పాడు. అక్క ఒప్పుకుందట. ముక్కూముఖం తెలియని మనిషి అండాలతో. ఎల్లుండి ఉదయం ఆస్పత్రిలో పిండాన్ని లోపల పెడతారట. "నీకు చెప్పొద్దని అనలేదు. చెప్పమనీ అనలేదు" అన్నాడు.

సెప్టెంబరు 7

పొద్దున్న అక్కకు ఫోన్ చేశాను. నాలుగుసార్లు మనసులో అనుకుని చేశాను.

"రేపు నేను వస్తానక్కా. ఆస్పత్రిలో తోడుంటాను. సెలవు పెట్టేశాను."

అక్క తడుముకోలేదు. "వద్దురా" అంది. "నువ్వు పక్కనుంటే నాకు కష్టంగా ఉంటుంది. బావ చాలు."

గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. అడిగిన దానికి ఉన్నదున్నట్టు చెప్పింది.

"సరే అక్కా" అన్నాను. "ఎలా ఉందో బావతో చెప్పించు."

"చెప్పిస్తాను" అంది.

షాపుకు వెళ్ళి సెలవు రద్దు చేసుకున్నాను. పెద్దాయన ఎందుకని అడగలేదు. రేపటికి పదహారు జతలు ఉన్నాయి, త్వరగా రమ్మన్నాడు.